లోపల వదిలిన గుడ్డ

ఆగస్టు 4

బుల్లీ,

ఉత్తరం చూడగానే కంగారు పడకు. నా ఒంట్లో బాగానే ఉంది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయంటే అది జ్వరం కాదు, హుషారు. మీ అన్న పోయాక నా ప్రాణం ఇలా లేచి కూర్చోవడం ఇదే మొదలు.

మొన్న ఆసుపత్రిలో నా కుట్టుగదికి సిస్టరమ్మ వచ్చింది. చిరిగిన దుప్పట్లు ఇవ్వడానికి వచ్చిందనుకున్నాను. "మిషను ఆపి నాతో రా" అంది. నా మీద ఎవరో చాడీలు చెప్పారనుకున్నాను. ఆవిడ తీసుకెళ్ళింది మెట్ల వెనకున్న పాత భోజనాల హాలుకి. అక్కడ బల్లలన్నీ దగ్గరగా జరిపి, చుట్టూ ఆడా మగా కూర్చుని గుడ్డలు కుడుతున్నారు. అందరూ మీ అన్నకొచ్చిన జబ్బుతోనే పోయినవాళ్ళ తాలూకు మనుషులు. పోయిన ఒక్కొక్కరికీ ఒక్కో గుడ్డ. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. మనిషి పడుకుంటే సరిపోయేంత. దాని మీద వాళ్ళ పేరు, వాళ్ళకి ఇష్టమైనవి, ఎవరికి తోచింది వాళ్ళు కుట్టుకోవడమే. తర్వాత గుడ్డకి గుడ్డ జతచేసి నవంబరులో ఆటల హాలు నేలంతా పరుస్తారట. మధ్యలో దారులు వదిలి, జనం నడుస్తూ చూసేలా.

ఒక లారీ డ్రైవరు తన భార్య గుడ్డ కుడుతున్నాడు. సూదిని గేరు రాడ్డులా పట్టుకున్నాడు. నేను చూస్తూ ఊరుకునే రకమా? పక్కన కూర్చుని వేలు ఎక్కడ పెట్టాలో చూపించాను. అంతే, సాయంత్రానికి అందరూ "టైలరమ్మా ఇది చూడు, టైలరమ్మా అది చూడు" అని నా ప్రాణం తోడేశారు. ఇంటికొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. అయినా నిద్ర పట్టలేదు. మీ అన్న గుడ్డ ఎలా ఉండాలో కళ్ళ ముందు అలా కదులుతూనే ఉంది.

నీ దగ్గర వాడి నీలం చొక్కా ఉంది కదా, మీ హోటలుకి కరెంటు పని చేసినప్పుడు వేసుకున్నది. అది పంపు. గుడ్డకి పైభాగం అదే. మిగతాది నేను చూసుకుంటాను. పొడుగాయన కూడా సాయం చేస్తున్నాడు. ఆదివారాలు ఆయన భోజనం ఇక్కడే. దారం ఎక్కించమంటే నాలుక బయటపెట్టి తంటాలు పడతాడు, నవ్వలేక చస్తున్నాను. ఆయన వస్తే ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంటోంది.

చొక్కా మర్చిపోకు. ఉతక్కపోయినా పరవాలేదు.

మీ అమ్మ

———

ఆగస్టు 19

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వంటగది వెనక బియ్యం బస్తాల మీద కూర్చుని చదివాను. ఫోను చెయ్యమని నువ్వంటావు గానీ అది గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. నేను "హలో" అంటే హోటలంతా తినడం ఆపి వింటుంది.

ముందుగా ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఈ పొడుగాయన ఎవరు? ఎక్కడివాడు? ఆదివారం భోజనాలేమిటి? నాన్న పోయి ఇన్నేళ్ళయింది, నువ్వు ఒంటరిదానివే, కాదనను. కానీ ఈ వయసులో ఎవరైనా మంచిమాటలు చెప్పి నిన్ను మోసం చేస్తే నేను ఇక్కడినుంచి ఏం చెయ్యగలను? ఆయనకి ఇంటి తాళం మాత్రం ఇవ్వకు.

రెండో సంగతి. గుడ్డ కుట్టుకో అమ్మా, నీకు మనశ్శాంతిగా ఉంటే అంతకంటేనా. కానీ దాని మీద ఇంటిపేరు వద్దు. ఇక్కడ అన్న ఊపిరితిత్తులు చెడిపోయి పోయాడనే అందరికీ తెలుసు. మా ఆయనకీ అంతే తెలుసు, అత్తయ్యకీ అంతే తెలుసు. మన ఇంటిపేరు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. మొదటిసారి విన్నవాళ్ళు రెండోసారి అడిగి మరీ చెప్పించుకుంటారు. మాకు సరుకు తెచ్చేవాళ్ళు వారం వారం మీ ఊరు వస్తారు. ఒక్కడు ఆ హాల్లోకి తొంగిచూసి "ఇది ఆ హోటలు కోడలి పుట్టింటి పేరు కదా" అంటే చాలు. మా బల్లల దగ్గర ఎవరు కూర్చుంటారు? మా గ్లాసులో నీళ్ళు ఎవరు తాగుతారు? అత్తయ్య ఇడుములు పడి పెట్టిన హోటలు ఇది.

ఒట్టి పేరు పెట్టుకో. ఆ పేరున్నవాళ్ళు లోకంలో బోలెడుమంది.

చొక్కా పంపుతున్నాను. ఉతికాను. క్షమించు, నాకు తెలియకుండానే బకెట్లో వేసేశాను.

నీ
బుల్లి

———

సెప్టెంబరు 2

బుల్లీ,

చొక్కా అందింది. విప్పి చూస్తే ఎడమవైపు జేబు లేదు. జేబు ఉన్నంత మేర గుడ్డ ముదురు నీలంగా ఉంది, చుట్టూ వెలిసిపోయింది. కుట్లు ఒక్కటి కూడా తెగకుండా బ్లేడుతో ఎంత జాగ్రత్తగా విప్పావో చూసి నా కడుపు నిండిపోయింది. వాడి గుండె మీద ముక్క నువ్వు దాచుకున్నావు. అన్నాచెల్లెళ్ళు కీచులాడుకుంటుంటే ఎన్నిసార్లు తిట్టానో మీ ఇద్దర్నీ. ఆ ముక్క నీ దగ్గరే ఉంచుకో. అడగను.

ఇక పొడుగాయన సంగతి. ఓసి పిచ్చిమొహమా. చదివి ఎంత నవ్వానో, పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. ఆయనకీ నాకూ పెళ్ళి చేద్దామనుకున్నావా? ఆయన వయసు మీ అన్న వయసేనే. మీ అన్న గదిలో ఏళ్ళ తరబడి వాడితో కలిసి ఉన్నది ఆయనే. ఆఖరి రోజుల్లో నోట్లో చెంచాతో నీళ్ళు పోసినది ఆయనే. స్నేహితుడు అనేవాడు మీ అన్న. తల్లిని కదా, వాడు అలా అన్నప్పుడు మొహం ఎటు తిప్పుకునేవాడో చూసేదాన్ని. నేనెప్పుడూ అడగలేదు. వాడెప్పుడూ చెప్పలేదు. నీకు చెబితే ఏమంటావో అని ఇన్నాళ్ళూ దాచాను. ఇప్పుడు చెప్పేశాను. ఏమనుకుంటావో అనుకో. ఆయన్ని మాత్రం ఒక్క మాట అనకు, నేను ఊరుకోను.

గుడ్డ ఎంతవరకు వచ్చిందో తెలుసా. పైన నీలం చొక్కా. కింద వాడి పనిప్యాంటు, మోకాలి దగ్గర నేనేసిన అతుకుతో సహా. పేరు మాత్రం దారంతో కాదు, ఎర్ర కరెంటు వైరుతో. వాడి సంచిలో మిగిలిన చుట్ట అది. పొడుగాయన పటకారుతో అక్షరం వంచి ఇస్తాడు, నేను దాన్ని దారంతో గుడ్డకి పట్టించి కుడతాను. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, వైరు చక్కగా మాట వింటోంది. ఒత్తు దగ్గర మాత్రం ఇద్దరం కొట్టుకున్నాం. ఆయన పెట్టిన ఒత్తు మేక కొమ్ములా వచ్చింది.

ఇంటిపేరు అన్నావు. రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. నీకు పెళ్ళయి ఇంటిపేరు మారింది. మీ నాన్న పోయారు. ఆ పేరుతో ఇక మిగిలింది నేనూ వాడూ. అయినా నీ కాపురం నాకు ముఖ్యం. పోయినవాడి కోసం ఉన్నదాని పొయ్యి ఆర్పుకుంటానా? ఒట్టి పేరే కుడుతున్నాను. ఇక ఆ మాట ఎత్తను.

మీ అమ్మ

———

సెప్టెంబరు 20

అమ్మా,

నువ్వు అర్థం చేసుకున్నావు, నా గుండెల మీంచి బండరాయి దిగినట్టుంది. నీకు బాధేమీ లేదని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

పొడుగాయన గురించి నాకు ముందే తెలుసు. అన్న నాకు చెప్పాడు, మా హోటలుకి వైర్లు లాగడానికి వచ్చినప్పుడు, నిచ్చెన మీద నిలబడి. కింద నేను నిచ్చెన పట్టుకుని ఉన్నాను. వదిలెయ్యకుండా ఉండాలనే అప్పుడు చెప్పానన్నాడు తర్వాత. అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు అన్నాడు. అందుకే నీ దగ్గర ఎత్తలేదు. కాకపోతే నాకు ఆయన "ఫోటోల ఆయన"గానే తెలుసు. స్టూడియోలో పని కదా. పొడుగని ఎవరూ చెప్పలేదు. నువ్వు నా దగ్గరా, నేను నీ దగ్గరా ఒకే సంగతి దాచుకుని కూర్చున్నాం.

ఆయన్ని అడిగానని చెప్పు.

జేబు గురించి తర్వాత రాస్తాను. జనం వస్తున్నారు.

బుల్లి

———

అక్టోబరు 8

బుల్లీ,

రెండు సంగతులు. ఒకటి పరువు పోయిన సంగతి, ఒకటి పరువు పెరిగిన సంగతి. ముందు పోయినది.

గుడ్డ పూర్తయిందని నిన్న హాలుకి తీసుకెళ్ళాను. గుడ్డలు జతచేసే పని అంతా కళ్ళజోడు టీచరమ్మది. నాది తీసి మిగతావాటి పక్కన పరిచింది. జానెడు పొడుగు ఎక్కువ. ఆవిడ టేపు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. నేను కూడా కొలిచాను. "టైలరమ్మా, మా అందరికీ కొలతలు నేర్పినదానివి నువ్వు. నీదే తప్పితే ఎలా?" అని నవ్వింది. తిరగేసి చూస్తే అప్పుడు తెలిసింది. అడుగున గుడ్డ ఎక్కువ వదిలి మడిచి కుట్టాను. ఆ మడత బరువుకి పైకుట్టు జారి గుడ్డ సాగింది.

"లోపల ఇంత గుడ్డ ఎందుకు వదిలారు?" అంది ఆవిడ.

మీ అన్న స్కూలు బట్టల దగ్గర్నుంచీ నేను వాడికి ఏది కుట్టినా అడుగున గుడ్డ వదిలి మడిచేదాన్ని. వాడు పెరిగితే విప్పి పొడుగు చెయ్యడానికి. చేతికి అదే అలవాటు. వాడి కొలత అనుకోగానే చెయ్యి తనంతట తనే వదిలేసింది.

"పిల్లాడు పెరుగుతాడు కదా అని" అన్నాను. ఆ మాట అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు.

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. లారీ డ్రైవరే గొంతు సవరించుకుని, "కత్తిరించకండి. ఆ మడత అలాగే లోపల ఉంచి, పైకుట్టు బిగించి జతచేద్దాం. ఉంటే ఏం పోయింది" అన్నాడు. అలాగే బిగించారు. ఇప్పుడు కొలత సరిపోయింది. లోపల గుడ్డ లోపలే ఉంది.

ఇక రెండోది. గుడ్డలు పరిచిన రోజున అందరి పేర్లూ మైకులో చదువుతారట. తలా ఒక కాగితం. నన్ను కూడా చదవమన్నారు. నన్నే. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. వద్దన్నాను, కాళ్ళావేళ్ళా పడ్డాను. సిస్టరమ్మ వింటేనా. ఇప్పుడు రోజూ పొడుగాయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గరిటె మైకులా పట్టుకుని చదువుతున్నాను. నాకు భయంగా ఉంది, ఎగిరి గంతెయ్యాలని కూడా ఉంది.

కాగితంలో మీ అన్న పేరుతో ముగ్గురున్నారు. మిగతా ఇద్దరికీ ఇంటిపేర్లున్నాయి. మీ అన్నది ఒట్టి పేరు. చదివేటప్పుడు సగంలో ఎవరో నోరు మూసినట్టు ఆగిపోతుంది. "ఈ ముగ్గురిలో మీ అబ్బాయి ఎవరు?" అని అడిగింది టీచరమ్మ. వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

నిన్నేమీ అనడం లేదు. జరిగింది రాశాను.

మీ అమ్మ

———

అక్టోబరు 27

అమ్మా,

ముందు జేబు. నేను దాచుకోలేదమ్మా. దాని మీద మా హోటలు పేరు కుట్టి ఉంది. అన్న పని చేస్తున్నన్నాళ్ళూ మా వాళ్ళు ఇచ్చిన చొక్కా కదా అది. ఆ పేరు నీ గుడ్డ మీద కనపడకూడదని కోసేశాను. నువ్వు గుండె మీద ముక్క దాచుకున్నావు అని రాశావు. ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. జేబు పారెయ్యలేదు. పిండి డబ్బా వెనక ఉంది.

నీ చివరి ఉత్తరం చదివి, వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది అన్న చోట నేను ఆగిపోయాను. సాయంత్రం హోటలు కడుగుతుండగా అత్తయ్యకీ ఆయనకీ చెప్పేశాను. అన్న ఎయిడ్స్‌తో పోయాడని, నేను అబద్ధం చెప్పానని, అమ్మ వాడి కోసం ఏం కుడుతోందో, అన్నీ. చీపురు చేతిలోనే ఉంది.

ఆయన కాసేపు కుర్చీలు బల్లల మీదికి ఎత్తుతూనే ఉన్నారు. తర్వాత "ముందే చెబితే చివర్లో ఒకసారి వెళ్ళి చూసేవాణ్ణి కదా" అన్నారు. అంతే. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు కూడా మాట్లాడలేదు. కూరలు తరుగుతుంటే కత్తి చప్పుడు వీధిలోకి వినపడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు పొద్దున లైట్లు వేస్తూ వేస్తూ, స్విచ్చి మీద చెయ్యి ఉంచుకునే అంది: "ఇవి బిగించినవాడు ఆ అబ్బాయే కదా. వీటి కిందే కదా ఇన్నేళ్ళూ వండి పెడుతున్నాను. ఇప్పుడు నేను వాణ్ణి ఎరగనని ఎలా అంటాను?"

నేను నోరు తెరిచేలోపే మళ్ళీ: "వీధిలో చాటింపు వెయ్యను. నాకు హోటలు ఉంది. కానీ ఎవరైనా మొహం మీద అడిగితే మాత్రం ఊపిరితిత్తులని నేను చెప్పను. నీలాగా నాకు నోరు తిరగదు."

నీలాగా అన్నప్పుడు చురుక్కుమంది. పడ్డాను.

ఇంటిపేరు కుట్టమ్మా. చోటు ఉంటే కుట్టు. కాగితంలో కూడా రాయించు. ఆ రోజుకి మా ఇంట్లోంచి ఒకరు తప్పకుండా వస్తారు.

బుల్లి

———

నవంబరు 2

బుల్లీ, నా తల్లీ,

తొందరగా రాస్తున్నాను. నీ ఉత్తరం అందగానే చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా హాలుకి పరిగెత్తాను. అప్పటికే మీ అన్న గుడ్డ ఆ వరసలో మిగతా ఏడింటితో జత అయిపోయింది. టీచరమ్మ "చోటు ఎక్కడుంది టైలరమ్మా? పేరు కింద అంచే కదా" అంది.

చోటు లేకపోవడమేమిటి. లోపల గుడ్డ వదిలాను కదా.

విప్పేశాం. నేనొక వైపు, పొడుగాయన ఒక వైపు, లారీ డ్రైవరు దీపం పట్టుకుని. మడత విప్పితే లోపలి గుడ్డ అసలు వెలవలేదు, కొత్తదానిలా ఉంది. దాని మీద ఇంటిపేరు. ఎర్ర వైరు చాలకపోతే పొడుగాయన వాళ్ళ స్టూడియోలో పాడైన దీపం తాలూకు వైరు పీక్కొచ్చాడు. అది పసుపుపచ్చ. పైన ఎరుపు, కింద పసుపు. ఇంత బావుంటుందని ముందే తెలిస్తే నేనే అలా పెట్టేదాన్ని. ఇప్పుడు మీ అన్న గుడ్డ మిగతా వరసకంటే జానెడు పొడుగు. "ఉండనీ, మా వాడు ఎదిగాడు" అన్నాను. టీచరమ్మ మిగతావాటి కింద వేరే గుడ్డ అతికి వరస సరిచేసింది.

జేబు గురించి ఏడవకు. కోసినా పారెయ్యలేదు కదా. నాకు అది చాలు. అబద్ధం ఆడావు సరే, నీ పిల్లాటలన్నీ నాకు తెలియవా.

నువ్వు వస్తున్నావు. మంచం సర్ది పెట్టాను. గోడవైపు నీకు. పక్కింటావిడకి కూడా చెప్పేశాను మా బుల్లి వస్తోందని. పొడుగాయన గడ్డం గీయించుకున్నాడు నిన్ను చూడాలని. పేర్లు ఇప్పుడు తడబడకుండా వస్తున్నాయి, మేక కొమ్ముల ఒత్తుతో సహా.

అమ్మ

———

నవంబరు 17

బుల్లీ,

నిన్ను తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియడం లేదు. "మా ఇంట్లోంచి ఒకరు" అంటే నువ్వనుకున్నాను. పొద్దుటినుంచీ గుమ్మం వైపే చూస్తున్నాను. ఆటల హాలు నిండా గుడ్డలు. ఎంత హాలు అది, ఈ చివర నిలబడితే ఆ చివర మనుషులు బొమ్మల్లా ఉన్నారు. ఒకదాని మీద వేణువు, ఒకదాని మీద పిల్లల చెప్పులు, ఒకదాని మీద ఒట్టి పేరు మాత్రమే, అంత పెద్ద అక్షరాల్లో. జనం మాట్లాడుకోకుండా నడుస్తున్నారు. నేను మాత్రం మనవాడి గుడ్డ పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను: ఇది కరెంటు వైరండీ, ముట్టుకోండి, షాకు కొట్టదు. ఎవరైనా నవ్వితే ఇంకా చెబుతున్నాను.

అంతలో గుమ్మం దగ్గర పెద్దగా వాదన. "చెప్పులు వేసుకుని వీళ్ళ మధ్య నడవమంటారేమిటమ్మా, విప్పుతాను." "పరవాలేదండీ, దారుల్లో వేసుకోవచ్చు." "మీకు పరవాలేదు, నాకు పరవా ఉంది." గొంతు ఎక్కడో విన్నట్టుంది అని చూస్తే మీ అత్తగారు. చేతిలో పెద్ద క్యారియరు. వెనక నువ్వున్నావేమోనని చూశాను. లేవు. చెప్పొద్దూ, ఒక్క క్షణం నా మొహం వాడిపోయింది. ఆవిడ కనిపెట్టేసింది.

"ఇద్దరం వస్తే పొయ్యి ఎవరు చూస్తారు వదినగారూ? నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి అని మీ అమ్మాయే గెంటింది. లేదు, అబద్ధం. నేనే దాన్ని ఆపి వచ్చాను. వాడు పోయిన రోజున మీ ఇంట్లో ఒక గంట కూర్చుని బస్సు పట్టుకుని పోయాను. ఏం జరిగిందో తెలియని మనిషిగా వచ్చి వెళ్ళాను. ఇప్పుడు తెలిసినదానిగా రావాలి కదా" అంది.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

మనవాడి గుడ్డ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చివరినుంచి చివరిదాకా అరచేత్తో తడిమింది. "కుట్టు బావుంది. ఈ మూల ఎగుడుదిగుడుగా ఉందేం?" అంది. పొడుగాయన వంగి "అది నేను కుట్టిందండీ" అన్నాడు. "అలాగే ఉంది" అని ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చూడటానికి కాస్త టైము పట్టింది, అంత పొడుగు కదా. "వాడితో ఉన్నది నువ్వేనా?" "అవునండీ." "భోంచేశావా?" "లేదండీ." "ఇలా కూర్చో" అని అక్కడే క్యారియరు విప్పబోయింది. హాల్లో తినకూడదని సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన కళ్ళు ఎర్రబడి వచ్చాయి, క్యారియరు ఖాళీగా వచ్చింది.

తర్వాత నా వంతు. మైకు ముందు నిలబడ్డాను. మొదటి పేరు చదివేసరికి నా గొంతు నాకే గోడల్లోంచి వినపడింది. చదివాను. ఒక్కో పేరుకీ ఒక్కో చోట ఎవరో ఒకరు తలెత్తుతున్నారు. నా కొడుకు పేరు వచ్చింది. చదివాను, ఇంటిపేరుతో సహా. కానీ గొంతు సన్నబడిపోయింది, మైకు కూడా కీచుమంది.

నేను కిందివరుసకి పోబోతుంటే హాలు మధ్యలోంచి మీ అత్తగారు. వంటగదిలోకి ఆర్డర్లు చెప్పే గొంతు అది, నీకు తెలియనిదేముంది.

"వదినగారూ, వినపడలేదు. ఇంటిపేరు మళ్ళీ చదవండి."

నేను కాగితం కిందికి దించాను. కాగితం ఎందుకు, నా కొడుకు పేరు చదవడానికి. తలెత్తి, ఊపిరి నిండా తీసుకుని, ఇంటిపేరూ పేరూ ఆ చివరనున్న వాచ్‌మన్‌కి కూడా వినపడేలా చెప్పాను. పొడుగాయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మీ అత్తగారు "ఆ, ఇప్పుడు వినపడింది" అంది.

బస్సు ఎక్కించేటప్పుడు అడిగాను, మీ వైపు మనుషులు కూడా వచ్చారేమో, విన్నారేమో, హోటలు సంగతి ఏమిటని. "సరుకులబండివాడు కనపడ్డాడు. నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను. వాళ్ళు తినడానికి రాకపోతే ఆ వండింది మనమే తింటాం" అంది. నవ్వింది గానీ కిటికీ పక్కన కూర్చున్నాక మొహం గంభీరంగా ఉంది. వాళ్ళు ఎలా చూస్తారో ఇంకా తెలియదు బుల్లీ. ఏదైనా జరిగితే నాకు రాయి. ఏమీ జరగకపోయినా రాయి. పొడుగాయన నిన్ను చూడటానికి వచ్చే నెల వస్తానంటున్నాడు. అన్నయ్య అని పిలువు, మురిసిపోతాడు.

ఆవిడ ఇక్కడున్న రెండు రోజులూ పొయ్యీ గల్లా నువ్వొక్కదానివే చూసుకుని ఉంటావు. అందరికీ వడ్డించి, ఆఖర్న నిలబడే నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని ఉంటావు. ముద్ద దిగడం లేదని కూడా రాశావు. ఈ ఉత్తరం అందిన రోజు అలా కాదు. ఒక బల్ల దగ్గర కూర్చో. ఆవిడని వడ్డించమను. కడుపునిండా తిను.

మీ అమ్మ